కవరౌ నది వెంట కుటుంబ ప్రయాణం: పొద్దున సాహసం, సాయంత్రం వైన్ తోట

న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్ అనగానే వంతెన మీంచి కాళ్లకు తాడు కట్టుకుని దూకేవాళ్లు (దీన్నే బంగీ అంటారు) గుర్తొస్తారు. ఆ వంతెన దాటిన రెండు మూడు నిమిషాలకే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటలు మొదలవుతాయని చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. సాహస క్రీడలూ వైనరీలూ (వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు) ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు ప్రపంచంలో తక్కువ. కానీ ఆ దగ్గరతనమే చిక్కు కూడా తెస్తుంది. అన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదా అని ఒకే రోజులో జంపూ, బోటూ, నాలుగు వైనరీలూ కుక్కేస్తే సాయంత్రానికి పిల్లలు ఏడుస్తుంటారు, పెద్దలు తూలుతుంటారు, కారు నడపడానికి ఎవరూ మిగలరు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఒక్క నదిని పట్టుకుని నడుస్తుంది. వాకటిపు సరస్సులోంచి బయటికొచ్చే కవరౌ నది కాస్త దూరంలోనే షాటోవర్ నదిని కలుపుకుని, బంగీ వంతెన కింద నుంచి గిబ్‌స్టన్ లోయలోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఇరుకైన కొండ సందులోంచి దూకుతూ క్రామ్‌వెల్ దగ్గర క్లూథా నదిలో కలుస్తుంది. మీరూ ఆ నీళ్లతోపాటే కిందికి దిగుతూ వెళ్లండి. మొదటి మూడు రాత్రులు క్వీన్స్‌టౌన్‌లోనో పక్కనే ఉన్న ఆరోటౌన్‌లోనో, తర్వాత రెండు రాత్రులు క్రామ్‌వెల్ వైపు. వెళ్లిన దారినే మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు.

ముందు ఒక కాగితం తీసుకోండి

టికెట్లు, హోటళ్లు తర్వాత చూసుకోవచ్చు. ముందుగా వచ్చేవాళ్లందరి పేర్లూ రాసి, ప్రతి పేరు ఎదురుగా వయసు, బరువు, ఎత్తు రాయండి. ఏ సాహస క్రీడకైనా గేటు దగ్గర అడిగేవి ఈ మూడే. అక్కడ బతిమాలితే పని జరగదు.

కవరౌ వంతెన బంగీకి కనీసం 10 ఏళ్లు, 35 కిలోలు ఉండాలి. అదే ప్రాంతంలో 134 మీటర్ల ఎత్తు నుంచి దూకే నెవిస్ బంగీకి 13 ఏళ్లు, 45 కిలోలు కావాలి. ఉరవడి నీళ్లలో రబ్బరు పడవ మీద వెళ్లే రాఫ్టింగ్‌కు 13 ఏళ్లు నిండాలి. షాటోవర్ జెట్ బోట్ ఎక్కాలంటే పిల్లలు కనీసం మీటరు ఎత్తు ఉండాలి. కాగితం మీద ఇవి చూసుకుంటే మీ ఇంట్లో ఎవరు ఏ గుంపులో పడతారో వెంటనే తేలిపోతుంది. పన్నెండేళ్ల కుర్రాడు బంగీ దూకచ్చు గానీ రాఫ్ట్ ఎక్కలేడు. ఈ సంగతి వాడికి ఇంట్లోనే చెప్పి ఒప్పించడం మేలు. నది ఒడ్డున చెబితే ఆ రోజంతా ముఖం మాడ్చుకునే ఉంటాడు.

అదే కాగితంలో ఇంకో రెండు గళ్లు గీయండి. ఒకటి, ఎవరు వైన్ తాగుతారు, ఎవరు తాగరు. రెండోది, ఎవరికి బీపీ, నడుం నొప్పి, కంటి రెటీనా సమస్య, ఈమధ్య జరిగిన ఆపరేషన్, గర్భం లాంటివి ఉన్నాయి. బంగీలో తలకిందులుగా వేలాడే ఆ కొద్ది క్షణాలూ కళ్ల మీద, తల మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. నిర్వాహకులు అడిగినప్పుడు దాచకండి. గర్భిణులు బంగీ, జెట్ బోట్ రెండూ మానుకోవాల్సిందే.

ఈ కాగితం పూర్తయ్యాక ఒక్కసారి మొత్తం చూడండి. దూకనివాళ్లకూ తాగనివాళ్లకూ ప్రతి రోజూ ఏదో ఒక పని కనిపిస్తోందా? కనిపించకపోతే ప్రణాళిక ఇంకా కుదరనట్టే. కుటుంబ ప్రయాణాల్లో గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఈ ఖాళీ గళ్ల దగ్గరే.

ఏ నెలలో వెళ్లాలి

ఇది దక్షిణార్ధగోళం కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. పొద్దున ఆటలూ సాయంత్రం తోటలూ పెట్టుకోవడానికి ఆ పొడవాటి పగలు చాలా పనికొస్తుంది. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో క్రామ్‌వెల్ చుట్టుపక్కల చెర్రీలు పండుతాయి. కానీ అదే సమయంలో అక్కడి బడులకూ సెలవులు. గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి.

నా ఓటు మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా. ద్రాక్ష కోతలు జరిగేది అప్పుడే. ఆరోటౌన్‌లో చెట్లన్నీ పసుపు, నారింజ రంగుల్లోకి తిరుగుతాయి. నీళ్లు ఎలాగూ ఏ కాలంలోనైనా చల్లగానే ఉంటాయి కాబట్టి ఆటల్లో పోయేదేమీ లేదు. ఒక్క ఇబ్బంది: కోతల సమయంలో చిన్న వైనరీల్లో అందరూ పనిలో తలమునకలై ఉంటారు, సందర్శకులతో తీరిగ్గా మాట్లాడే వీలుండదు. పెద్ద వైనరీల్లో ఆ సమస్య తక్కువ.

ఇంకో ముచ్చట. తోటల మధ్య బస చేస్తే వసంతంలోనో శరదృతువులోనో తెల్లవారుజామున హెలికాప్టర్ చప్పుడుకు మెలకువ రావచ్చు. కంగారు పడకండి. మంచు పడి లేత చిగుళ్లూ పండ్లూ మాడిపోకుండా, పైనున్న వెచ్చటి గాలిని కిందికి నెట్టడానికి హెలికాప్టర్లను తోటల మీద తిప్పుతారు. పెద్ద ఫ్యాన్లు కూడా అందుకే నిలబెడతారు. పిల్లలకు ఇది ఏ వైన్ కబురుకన్నా బాగా నచ్చుతుంది.

బుకింగ్, బీమా

న్యూజిలాండ్‌లో సాహస క్రీడలు నడిపే సంస్థలు భద్రతా ఆడిట్ చేయించుకుని, వర్క్‌సేఫ్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు కావాలి. ఆ జాబితా ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడచ్చు. కొత్త పేరు, చవక ధర కనబడితే డబ్బు కట్టేముందు అందులో వెతకండి.

ప్రమాదంలో దెబ్బ తగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం కింద పర్యాటకులకు కూడా చికిత్స ఖర్చులో సాయం అందుతుంది. అది చూసి ట్రావెల్ ఇన్సూరెన్స్ మానేయకండి. జబ్బు చేస్తే ఆ పథకం వర్తించదు. ప్రయాణం రద్దయితే, ఇంటికొచ్చాక చికిత్స కొనసాగించాల్సి వస్తే ఆ ఖర్చూ ఇవ్వదు. మీరు కొనే పాలసీలో బంగీ, రాఫ్టింగ్, జెట్ బోట్ పేర్లు వర్తించే జాబితాలో ఉన్నాయో లేదో చదవండి. మామూలు పాలసీల్లో చాలావాటికి సాహస క్రీడల కోసం విడిగా అదనపు కవర్ తీసుకోవాలి. మద్యం తాగి ఉండగా జరిగిన ప్రమాదాలకు బీమా సొమ్ము రాదన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది. ఈ ప్రయాణంలో ఆ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

బుక్ చేసేటప్పుడు వాతావరణం మీద ఆధారపడేవన్నీ ప్రయాణం మొదట్లోనే పెట్టుకోండి. వర్షాలకు నది ఉప్పొంగినా, గాలి ఎక్కువైనా ఆటలు ఆపేస్తారు. మొదట్లో పెట్టుకుంటే మర్నాటికి మార్చుకోవచ్చు. చివరి రోజు పెట్టుకుంటే డబ్బు తిరిగొస్తుందేమో గానీ ఆట తిరిగిరాదు. వైనరీలు వానొచ్చినా తెరిచే ఉంటాయి కదా, వాటిని వెనక్కి జరపండి.

కారు ఎవరు నడుపుతారు

బయల్దేరేముందే తేల్చాల్సిన ప్రశ్న ఇది. న్యూజిలాండ్‌లో 20 ఏళ్లు దాటిన డ్రైవరుకు ఆల్కహాల్ పరిమితి లీటరు శ్వాసలో 250 మైక్రోగ్రాములు, లేదా 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. 20 ఏళ్ల లోపు వాళ్లకు సున్నా. పోలీసులు ఎక్కడైనా ఆపి ఊదించవచ్చు.

ఒక్క గుక్కే కదా అనుకునేవాళ్ల కోసం చిన్న లెక్క. వైనరీలో రకరకాల వైన్లు కొద్దికొద్దిగా రుచి చూపించే టేస్టింగ్‌లో ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోశారనుకుందాం. ఐదు రకాలకు 150 మిల్లీలీటర్లు. ఈ ప్రాంతపు పినో న్వార్ అనే ఎర్ర వైన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. అంటే దాదాపు 16 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్లింది. అక్కడి లెక్కలో 10 గ్రాములు ఒక స్టాండర్డ్ డ్రింక్. ఒక్క వైనరీలోనే ఒకటిన్నర డ్రింకులు దాటేశారు. శరీరం గంటకు సుమారు ఒక డ్రింక్‌నే కరిగిస్తుంది. ఇక రెండో వైనరీ, మూడో వైనరీ సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి దారులు మూడే. తాగని ఒకరు నడపాలి, లేదా వైన్ టూర్ వ్యాన్ మాట్లాడుకోవాలి, లేదా సైకిల్ మీద వెళ్లి షటిల్‌లో తిరిగిరావాలి. గిబ్‌స్టన్‌కు నేను మూడోదే చెబుతాను, ఎలాగో కింద వస్తుంది. నలుగురు పెద్దలు మాత్రమే ఉంటే వ్యాన్ సుఖం. పసివాళ్లుంటే సొంత కారూ తాగని డ్రైవరూ తప్పవు, ఎందుకంటే ఎప్పుడు ఏ పిల్ల ‘గదికి పోదాం’ అంటుందో తెలియదు.

కారు తీసుకుంటే పిల్లల సీటు ముందే చెప్పి పెట్టించుకోండి. ఏడేళ్లు నిండేదాకా చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. రోడ్లు ఎడమ వైపు నడిచేవే. అయితే కొండ మలుపుల్లో మ్యాప్ చెప్పే సమయాన్ని నమ్మకండి, పావుగంట అదనంగా వేసుకోండి. చార్డ్ ఫామ్ వైనరీకి వెళ్లే దారి కొండ అంచునే చెక్కిన పాత గుర్రబ్బండి బాట, పక్కన లోయ. నేర్చుకుంటున్న చేతులకు స్టీరింగ్ ఇవ్వాల్సిన చోటు కాదది.

రోజులు ఎలా పేర్చాలి

సూత్రం ఒక్కటే: ముందు నది, తర్వాత గ్లాసు. ఏ రోజైనా ఈ వరస తిరగబడకూడదు. మద్యం వాసన వస్తే ఏ నిర్వాహకుడూ తాడు కట్టడు, లైఫ్ జాకెట్ ఇవ్వడు, కట్టిన డబ్బూ వెనక్కి ఇవ్వడు. రోజుకు ఒక పెద్ద ఆట, రెండు వైనరీలు. మూడో వైనరీ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి దాని పేరు కూడా గుర్తుండదు.

దిగిన రోజు పెద్ద పనేమీ వద్దు. స్కైలైన్ గొండోలా అనే కేబుల్ కారు ఎక్కి బాబ్స్ పీక్ కొండ మీదికి వెళ్లండి. అక్కడ ల్యూజ్ ఉంటుంది: హ్యాండిల్ పట్టుకుని కొండ వాలున దొర్లే చిన్న మూడు చక్రాల బండి. హ్యాండిల్‌ను మీ వైపు లాగితే ఆగుతుంది. బాగా చిన్నపిల్లలు పెద్దవాళ్ల ముందు కూర్చుని రావచ్చు. ఎవరికి వేగం ఇష్టం, ఎవరికి భయం అన్నది ఇక్కడే బయటపడుతుంది. తర్వాతి రోజుల బుకింగులకు ఇదే పరీక్ష అనుకోండి.

మర్నాడు పొద్దున షాటోవర్ జెట్ బోట్. న్యూజిలాండ్‌కే చెందిన బిల్ హామిల్టన్ 1950లలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. బోటుకు కింద ఫ్యాన్ ఉండదు. నీటిని లోపలికి పీల్చి వెనక నుంచి గట్టిగా చిమ్ముతుంది, అందుకే పాదం మునగని నీళ్లలో కూడా రాళ్లను ఒరుసుకుంటున్నట్టే దూసుకుపోతుంది. డ్రైవరు చేయి పైకెత్తి గాలిలో వేలు తిప్పాడంటే బోటు ఉన్నచోటే గిర్రున తిరగబోతోందని అర్థం. ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకోండి. చేతులు గడ్డకట్టుకుపోతాయి, ఎండాకాలమైనా సరే పిల్లలకు చేతితొడుగులు తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఆరోటౌన్‌లో గడపండి. 1862లో ఆరో నదిలో బంగారం దొరికాక పుట్టిన ఊరు అది. జల్లెడ పళ్లెం అద్దెకు తీసుకుని వాగులో ఇసుక కడిగితే ఇప్పటికీ ఎప్పుడైనా మెరుపు రేణువు కనబడుతుంది. పళ్లెం పట్టుకున్న పిల్లలు రెండు గంటలు కదలరు. ఆ రోజు వైనరీ వద్దు, రాత్రి భోజనంతో ఒక గ్లాసు చాలు.

మూడో రోజే ఈ ప్రయాణానికంతటికీ గుండెకాయ. దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

ఆరోటౌన్‌లో పొద్దున తొమ్మిదింటికి సైకిళ్లు అద్దెకు తీసుకోండి. పెద్దవాళ్లకు బ్యాటరీ సైకిళ్లు, పసిపిల్లలకు వెనక తగిలించే బండి దొరుకుతాయి. హెల్మెట్ చట్టం, ఎవరికీ మినహాయింపు లేదు. తీసుకునేటప్పుడే సాయంత్రం గిబ్‌స్టన్‌లో ఏ వైనరీ దగ్గర, ఏ సమయానికి షటిల్ ఎక్కించుకుంటుందో రాయించుకోండి. సైకిళ్లూ మనుషులూ కలిసి ఎక్కే షటిల్‌ను ముందే అడగాలి. నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి.

అక్కడి నుంచి నది పక్కగా, వేలాడే వంతెనల మీదుగా కవరౌ వంతెన దాకా దాదాపు 14 కిలోమీటర్లు. ఎగుడుదిగుళ్లు ఉన్నా భయపెట్టే దారి కాదు, ఎనిమిదేళ్ల పిల్లలు తొక్కేస్తారు. ఆగుతూ, ఫోటోలు తీసుకుంటూ వెళ్తే రెండున్నర మూడు గంటలు.

కవరౌ వంతెన 1880లో కట్టింది. 1988 నవంబరులో ఏజే హాకెట్, హెన్రీ వాన్ ఆష్ అక్కడ బంగీ జంప్ మొదలుపెట్టారు. ప్రపంచంలో డబ్బు కట్టి ఎవరైనా దూకగలిగేలా శాశ్వతంగా నెలకొన్న మొదటి బంగీ చోటు అదే. ఎత్తు 43 మీటర్లు. సైకిల్ దారి ఆ వంతెన మీంచే పోతుంది. మీరు చెక్కల మీద సైకిల్ నడిపించుకుంటూ వెళ్తుంటే, నాలుగడుగుల దూరంలో ఎవరో అంచున కాలి వేళ్లు బయటికి పెట్టి నిలబడి, కిందికి చూడాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటారు.

దూకేవాళ్లు ముందు బరువు తూయించుకోవాలి. ఆ సంఖ్యను చెయ్యి మీద మార్కర్‌తో రాస్తారు, దాన్నిబట్టే తాడును ఎంచుకుంటారు. తర్వాత ఒక ప్రశ్న అడుగుతారు: నీళ్లు తగలాలా, వద్దా? చేతులు తగిలేలా, తల మునిగేలా, అసలు తగలకుండా, ఎలా కావాలంటే అలా తాడు సర్దుతారు. సైకిల్ మీద ఇంకా వెళ్లాలి కాబట్టి తల తడవకుండా దూకమని నా సలహా. కాళ్లకు తువ్వాలు చుట్టి పట్టీలు బిగించడం, అంచుకు నడవడం, దూకాక కింద తెప్పలో ఉన్నవాళ్లు కర్ర అందించి దింపుకోవడం, అంతా కొద్ది నిమిషాల పని. దూకడానికి పిల్లలను బలవంతపెట్టకండి, ‘మూడు లెక్కపెడతాను’ అని వెనక నుంచి అరవకండి. వాళ్లను ఎలా నడిపించాలో అక్కడున్న సిబ్బందికి తెలుసు. చూసేవాళ్లకు పక్కనే అరుగులు ఉన్నాయి, వాటికి టికెట్ లేదు. దూకలేని చిన్నవాళ్లకు అక్కడే తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్ ఉంది.

దూకినవాళ్లకు తర్వాతి గంటంతా చేతులు వణుకుతాయి, నోరు ఆగదు. వెంటనే వైన్ కాదు, ముందు నీళ్లు తాగించి భోజనం పెట్టించండి. ఖాళీ కడుపు, ఎండ, భయం తెప్పించిన ఉద్రేకం, వీటి మీద పడ్డ వైన్ రెట్టింపు ఎక్కుతుంది.

వంతెన దాటాక తోటల బాటలో కొద్ది దూరంలోనే గిబ్‌స్టన్ వ్యాలీ వైనరీ. అలన్ బ్రేడీ 1980ల మొదట్లో ఇక్కడ తీగలు నాటినప్పుడు ఇంత చలిలో ద్రాక్ష పండదన్నవాళ్లే ఎక్కువ. 1987లో ఈ ప్రాంతపు మొదటి వాణిజ్య వైన్ ఇక్కడి నుంచే వచ్చింది. కొండ రాయిని తొలిచి చేసిన వైన్ గుహలోకి తీసుకెళ్తారు. లోపల పీపాల వరసలు, తడి చెక్క వాసన, ఎండలోంచి వచ్చినవాళ్లకు వణుకు పుట్టించే చల్లదనం. పిల్లల స్వెట్టర్లు సైకిల్ సంచిలో ఉంచుకోండి. పక్కనే చీజ్ తయారుచేసే చోటు ఉంది. తాగనివాళ్లకూ పిల్లలకూ మధ్యాహ్నం అక్కడ బాగా గడుస్తుంది.

రెండో వైనరీగా అదే బాటలో పెరెగ్రిన్‌కు వెళ్లచ్చు. డేగ రెక్కలా మెలితిరిగిన పైకప్పు దూరం నుంచే కనిపిస్తుంది. షటిల్ అక్కడికే రప్పించుకుంటే వైన్ తాగాక సైకిల్ తొక్కే పని ఉండదు. గ్లాసు పట్టాక పెడల్ తొక్కకూడదు అన్న నియమం ఇంట్లో అందరికీ పొద్దునే చెప్పేయండి.

టేస్టింగ్ బల్ల దగ్గర

మొదటిసారి వెళ్లేవాళ్లకు బెరుకు ఉంటుంది, అక్కర్లేదు. నాలుగైదు రకాలు వరసగా పోస్తారు. తెల్లవాటితో మొదలై ఎర్రవాటితో ముగుస్తుంది. పోసింది మొత్తం తాగాలని లేదు, బల్ల మీదున్న పాత్రలో ఒంపేయచ్చు, ఉమ్మేయచ్చు. వైన్ పనివాళ్లే అలా చేస్తారు. ఇద్దరు కలిసి ఒక టేస్టింగ్ పంచుకోవచ్చా అని అడగండి, చాలాచోట్ల సరేనంటారు. సీసా కొంటే టేస్టింగ్ రుసుము తీసేసే వైనరీలు కూడా ఉన్నాయి.

ఈ ప్రాంతంలో పండేదాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా పినో న్వార్. తోలు పలచగా ఉండే నల్ల ద్రాక్ష, చలి ప్రదేశాలంటే ఇష్టం. పగలు మాడ్చే ఎండ, రాత్రి ఒణికించే చలి ఉండటం వల్ల పండులో తీపీ పులుపూ రెండూ నిలుస్తాయి. మీరు బల్ల దగ్గర అడగాల్సిన మంచి ప్రశ్న ఒకటుంది: ఇది గిబ్‌స్టన్ తోటదా, బన్నాక్‌బర్న్ తోటదా? గిబ్‌స్టన్ ఎత్తులో ఉంటుంది, చల్లన, కోత ఆలస్యం. అందుకని అక్కడి వైన్ తేలిగ్గా, కాస్త పుల్లగా, పూల వాసనతో ఉంటుంది. నది దిగువన బన్నాక్‌బర్న్ వెచ్చటి చోటు, అక్కడిది చిక్కగా, ముదురు పండు రుచితో ఉంటుంది. గిబ్‌స్టన్ రుచిని నాలుక మీద ఉంచుకుని ఐదో రోజు బన్నాక్‌బర్న్‌లో తాగి చూడండి. నది వెంట ప్రయాణం పెట్టుకోవడంలో ఉన్న సుఖం అప్పుడు తెలుస్తుంది.

పిల్లలు వైనరీలో గంటకు మించి ఊరుకోరు. బుక్ చేసేటప్పుడే ఎంతమంది పిల్లలో, వాళ్ల వయసెంతో చెప్పి, బయట పచ్చికలో బల్ల ఇవ్వమని అడగండి. ద్రాక్షరసమో అల్లం డ్రింకో ఉందేమో కనుక్కోండి. రంగు పెన్సిళ్లు, పేకలు మీ సంచిలో ఉండాలి. తీగల మధ్య పరుగెత్తనివ్వకండి. అది వాళ్ల పొలం.

నది దిగువకి

నాలుగో రోజు సామాను సర్దుకుని క్రామ్‌వెల్‌కు బయల్దేరండి. గంట ప్రయాణం. 13 దాటినవాళ్లుంటే దారిలో వాళ్లను కవరౌ రాఫ్టింగ్‌కు పంపవచ్చు. కొత్తవాళ్లకు షాటోవర్ కన్నా కవరౌ నయం. అయితే చివర్లో వచ్చే చైనీస్ డాగ్‌లెగ్ అనే ఉరవడి బాగా పొడుగు, పడవలోంచి పడినా పడచ్చు. ఆ రోజుకు వేరే ఏమీ పెట్టుకోకండి. ముందు రోజుల్లో వాన వల్ల ఏదైనా వాయిదా పడితే దూర్చడానికి ఈ రోజు పనికొస్తుంది.

క్రామ్‌వెల్ పండ్ల ఊరు. ఊరి మొదట్లోనే భారీ పండ్ల బొమ్మ స్వాగతం చెబుతుంది. సీజన్‌లో తోటల్లోకి వెళ్లి చెర్రీలు మీరే కోసుకోవచ్చు. పెద్దలకు వైనరీ ఎలాగో పిల్లలకు ఇది అలాగ. పాత క్రామ్‌వెల్‌లో కొంత భాగం క్లైడ్ ఆనకట్ట కట్టాక 1990ల మొదట్లో డన్‌స్టన్ సరస్సులో మునిగిపోయింది. మిగిలిన రాతి ఇళ్లను ఒడ్డున కాపాడి ఉంచారు.

ఐదో రోజు ఆ ఒడ్డు నుంచే సైకిల్ ఎక్కండి. 2021లో తెరిచిన లేక్ డన్‌స్టన్ ట్రెయిల్ క్లైడ్ దాకా పోతుంది. మొత్తం తొక్కితే పెద్ద రోజు, మధ్యలో గట్టి ఎక్కుడు, కొండ రాయికి వేలాడదీసిన వంతెనల అంచు. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లకూ చిన్నపిల్లలకూ వద్దు. క్రామ్‌వెల్ నుంచి బన్నాక్‌బర్న్ దాకా మాత్రం సరస్సు పక్కన చదునుగా సాగే హాయైన దారి. పిల్లలున్నవాళ్లు అంతవరకే వెళ్లి, క్యారిక్ లాంటి ఒడ్డు పక్క వైనరీలో భోజనం చేసి, కారు రప్పించుకోండి.

అక్కడి దగ్గర్లోనే బన్నాక్‌బర్న్ స్లూసింగ్స్. బంగారం కోసం నీటి ధారలతో కొండలనే కోసేసిన చోటు. మట్టి గోడలు, గుహలు, సొరంగాలు, ఒకప్పటి పల్లెలో మిగిలిన పియర్ చెట్లు. అడుగు వేసినచోటల్లా అడవి థైమ్ అనే సువాసన మొక్క వాసన. నడక గంటన్నర, నీడ మాత్రం లేదు. అందుకని దీన్ని పొద్దునే ముగించి, ఆ తర్వాతే వైనరీకి వెళ్లండి.

సంచిలో ఏం ఉండాలి

ఇక్కడి ఎండ చల్లగా అనిపిస్తూనే తోలు మాడ్చేస్తుంది. సన్‌స్క్రీన్, టోపీ, పొడుగు చేతుల చొక్కా అందరికీ. తడిస్తే మార్చుకోవడానికి ఒక జత బట్టలు కారులోనే ఉంచండి. మునివేళ్లు మూసే బూట్లు కావాలి, చెప్పులతో సైకిల్ వద్దు. అత్యవసర నంబరు 111.

ఆ దేశంలోకి దిగేటప్పుడు బూట్లకు మట్టి ఉండకూడదు, తినే వస్తువులేవైనా ఉంటే ఫారంలో రాయాలి. పచ్చళ్లు, పొడులు, పళ్లు, గింజలు, అన్నీ. రాస్తే మహా అయితే ఒకటి రెండు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

వైన్ సీసాలు తెచ్చుకోవాలంటే చెక్‌ఇన్ సామానులోనే. అంతర్జాతీయ విమానాల్లో క్యాబిన్‌లోకి 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం తీసుకెళ్లనివ్వరు. న్యూజిలాండ్ సీసాలకు దాదాపు అన్నిటికీ మరమూతలే, కాబట్టి కార్క్ ఊడే భయం లేదు. గాజు పగిలే భయమే. గాలి బుడగల కవరు వైనరీలోనే అడిగి తీసుకుని, బట్టల మధ్యలో సీసాలు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. భారత్‌కు వచ్చేవాళ్లలో ఒక్కో పెద్దవారికి 2 లీటర్ల దాకా సుంకం లేదు, అంటే మామూలు సీసాలు రెండు. మూడోది కొంటే కస్టమ్స్ దగ్గర చూపించడానికి బిల్లు పైజేబులో ఉంచుకోండి.